కెరటమెక్కిన కర్ర

ఫిల్మ్‌నగర్‌లో ఎవరి కథా చర్చల్లోనైనా సముద్రం వచ్చిందంటే ప్రొడక్షన్ మేనేజర్ ముఖంలో రంగు మారుతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఎటు బయల్దేరినా దరిదాపు 300 కిలోమీటర్లు పోతేగాని ఉప్పునీరు కనబడదు. అందుకే యూనిట్ మొత్తం విశాఖ రైలెక్కుతుంది. ఆ అవసరాన్ని కనిపెట్టే కాబోలు, రామానాయుడు స్టూడియోస్ వాళ్లు భీమిలి రోడ్డులో కొండ మీద ఇంకో స్టూడియో కట్టారు. ఆ దారిలోనే ఋషికొండ తీరం. అక్కడ నిక్కర్లేసుకున్న కుర్రాళ్లు పొడుగాటి పలకల మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ కెరటం కోసం కాచుకుంటారు. అదే నీళ్లలో కాస్త అవతల ఒక ముసలాయన థర్మోకోల్ తెప్ప మీద మోకాళ్లేసి కూర్చుని, తెడ్డు వేసుకుంటూ వలకు పోతుంటాడు. కెమెరా ఎటు తిరుగుతుందో చెప్పక్కర్లేదు, పలక వైపే. ఆ పలక కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. కాని తెప్పను వదిలేసి పలక కథ చెప్తే సగమే చెప్పినట్టు.

ముందు కెరటం సంగతి. ఒడ్డున విరిగే అల అక్కడ పుట్టింది కాదు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను గాలి నీటిని రేపితే, ఆ ఊపు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి బంగాళాఖాతంలోకి వస్తుంది. వచ్చేది ఊపే, నీరు కాదు. లోతైన చోట నీరు ఉన్నచోటనే గుండ్రంగా తిరిగి మళ్లీ దాదాపు మొదటి చోటికే చేరుతుంది. ఒడ్డు దగ్గరపడి లోతు తగ్గేసరికి అల అడుగు నేలకు తగిలి నెమ్మదిస్తుంది, వెనక నుంచి వచ్చే ఊపు నీటిని పైకి లేపుతుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గగానే కొన ముందుకు తూలి విరిగిపోతుంది. రెండు మీటర్ల లోతులో అల వేగం గంటకు 16 కిలోమీటర్లు ఉంటుంది. మనిషి ఈత ఆ వేగానికి చాలదు. వెనక అల వచ్చి ఎత్తుకునేలోపు కాస్త వేగం పుంజుకుని, దాని వాలు మీద జారగలిగే వస్తువు ఏదో కావాలి. ప్రపంచంలో చాలా తీరాలవాళ్లు ఆ వస్తువును చెట్టు నుంచే చేసుకున్నారు.

హవాయి దీవులవాళ్లు ఒక్క మానును చెక్కి పలక చేశారు. వాళ్లు వాడిన చెట్లు మనకు పరాయివి కావు. పెద్ద పలకలకు వాడే విలివిలి మన బాడిద చెట్టుకు దాయాది. ఉలు అంటే సీమపనస. కోవా మన తుమ్మ చుట్టం. పిల్లలు బోర్లా పడుకుని జారే పొట్టి పలక పైపో, నిలబడి జారే పలచటి పలక అలైయా. రాచవాళ్ల పలక ఓలో. ఓలో పదహారు, పద్దెనిమిది అడుగులు కూడా ఉండేది. అబ్నర్ పాకీ అనే దొర వాడిన పలకలు హోనలులులోని బిషప్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 70 కిలోల బరువు. దాన్ని నీళ్లలోకి మోసుకుపోవడానికే ఒక మనిషి కావాలి. ఆడా మగా, పెద్దా చిన్నా అందరూ అలలెక్కేవాళ్లు. 1779లో కెప్టెన్ కుక్ ఓడల మీద వచ్చిన జేమ్స్ కింగ్ ఆ విడ్డూరం చూసి వివరంగా రాసిపెట్టాడు. ఆ తర్వాతి వందేళ్లలో ఓడలతోపాటు వచ్చిన రోగాలు జనాన్ని ఊచకోత కోశాయి. 1820లో దిగిన మిషనరీలకు ఒంటి మీద బట్టల్లేని ఈ ఆట నచ్చలేదు. పలకలు మూలపడ్డాయి, కాని పూర్తిగా పోలేదు.

1907లో రచయిత జాక్ లండన్ వైకికీలో అల ఎక్కడం నేర్చుకుని అమెరికా పత్రికకు వ్యాసం రాశాడు. అదే ఏడు కాలిఫోర్నియా చేరిన జార్జ్ ఫ్రీత్ అనే హవాయి కుర్రవాడి ఆట చూపించి ఒక రైలు కంపెనీ యజమాని తన తీరానికి జనాన్ని ఆకర్షించుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాడు డ్యూక్ కహనమోకు. 1912, 1920 ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకాలు గెలిచినవాడు. 1914 చివర్లో సిడ్నీ వెళ్లి, అక్కడ దొరికిన పైన్ కర్రతో తనే పలక చెక్కుకుని ఆస్ట్రేలియావాళ్లకు అల ఎలా ఎక్కాలో చూపించాడు. హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలూ వేశాడు. కాని నా లెక్కలో ఆయన చేసిన గొప్ప పని 1925 జూన్‌లో చేసిందే. కాలిఫోర్నియా తీరంలో ఒక పడవ కెరటాలకు బోల్తా కొడితే, డ్యూక్ పలక వేసుకుని మాటిమాటికీ వెళ్లి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చాడు. అప్పటి నుంచే అమెరికా తీరాల్లో లైఫ్‌గార్డులకు పలక పనిముట్టయింది.

వైకికీలో హోటళ్లకు వచ్చిన దొరలను, దొరసానులను చేయిపట్టి అలల్లోకి తీసుకెళ్లి, ఆట నేర్పి, మునిగిపోతే పైకి లాగిన హవాయి యువకులను బీచ్ బాయ్స్ అన్నారు. వాళ్ల మీద పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి. సరిగ్గా అదే పని చేసినవాళ్లు మనకూ ఉన్నారు, పూరీ తీరంలో. ఒడియావాళ్లు నోలియాలు అంటారు. ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ఉత్తరాంధ్ర తీరం వెంట వేటకు పోతూ పోతూ పూరీలో స్థిరపడిన మన మత్స్యకారులు, చాలామంది వాడబలిజలు. పెంటకోట అక్కడ వాళ్ల పేట. శంకువులాంటి టోపీ పెట్టుకుని, రైల్వే హోటలుకు వచ్చిన దొరల కాలం నుంచి ఇవాళ్టి జగన్నాథ యాత్రికుల దాకా, చేయి పట్టుకుని కెరటం దాటించేది వాళ్లే. విరిగే అల ఎదురుగా వచ్చినప్పుడు దూకకూడదు, దాని కిందికి మునగాలి. పూరీ వెళ్లినవాళ్లకు ఈ పాఠం చెప్పింది నోలియానే అయ్యుంటాడు.

ఇక మన తెప్ప. తేలిక కర్ర దుంగలు మూడో, ఐదో, ఇంకా ఎక్కువో పక్కపక్కన పేర్చి, ముందు కొన కాస్త పైకి లేచేలా చెక్కి, కొబ్బరి తాళ్లతో బిగించి కట్టేది. 1697లో అచ్చయిన యాత్రా పుస్తకంలో ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ ఈ తీరం దుంగల తెప్పల గురించి రాశాడు. చూడ్డానికి అది పడవ కాదు, నాలుగు దుంగలు. దాని తెలివంతా ఆ లేమిలోనే ఉంది. పడవకు గోడలుంటాయి. విరిగిన కెరటం లోపల పడితే నీళ్లు నిలిచి మునుగుతుంది. తెప్పకు గోడలే లేవు. నెత్తిన పడ్డ నీరు దుంగల సందుల్లోంచి దిగిపోతుంది, తోడే పని లేదు. బోల్తా పడినా తిప్పి ఎక్కడమే. వేట నుంచి వచ్చాక తాళ్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెట్టేవాళ్లు. నీరు తాగిన కర్ర బరువెక్కి మర్నాడు తేలదు కనుక.

మద్రాసుకు రేవు కట్టకముందు ఓడలు దూరంగా నిలిచేవి. మనుషుల్ని, సరుకుల్ని మేకు అనేది లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో కెరటాలు దాటించేవాళ్లు. పడవ తిరగబడితే మనుషుల్ని ఏరడానికి పక్కనే తెప్పలు నడిచేవి. ఓడలకు ఉత్తరాలు అందించేది తెప్పవాళ్లే, ఆకు టోపీ లోపల తడవకుండా దాచుకుని. విశాఖ రేవు 1933లో తెరుచుకునేదాకా ఇక్కడా ఇంచుమించు ఇదే బతుకు. అవతలికి పోవాలంటే తెప్పవాడు ఒడ్డున నిలబడి కెరటాలను చూస్తాడు. వేర్వేరు చోట్ల పుట్టిన అలలు ఒకదానిమీద ఒకటి కలిసి, కొన్ని పెద్దవి గుంపుగా వచ్చి, తర్వాత కాస్త విరామం ఇస్తాయి. ఆ విరామంలో తెప్పను తోసి బలంగా తెడ్డు వేస్తాడు. తిరిగొచ్చేటప్పుడు అల వాలు మీద ఎక్కి, వెనక తెడ్డుతో ముక్కు పక్కకు తిరగకుండా పట్టుకుని, జారుకుంటూ ఇసుక మీదికి వస్తాడు. హవాయిలో చేస్తే దాన్ని సర్ఫింగ్ అంటారు. మన దగ్గర దాన్ని వేట నుంచి ఇంటికి రావడం అంటారు.

పలకను యంత్రంగా మార్చిన మొదటివాడు టామ్ బ్లేక్. విస్కాన్సిన్‌వాడు, సముద్రంతో పుట్టుకతో వచ్చిన సంబంధం ఏదీ లేదు. 1920లో డెట్రాయిట్‌లో ఒక సినిమా హాల్లో ఒలింపిక్స్ న్యూస్‌రీలు చూసి బయటికొస్తుంటే లాబీలో డ్యూక్ స్వయంగా ఎదురుపడి చెయ్యి కలిపాడు. ఆ కరచాలనమే వాణ్ణి హవాయి దాకా లాక్కెళ్లింది. 1926లో బిషప్ మ్యూజియంలో పాకీ పలకలను బాగుచేస్తూ, వాటికి నకళ్లు తయారుచేశాడు. బరువు తగ్గించడానికి ఒక పలకనిండా వందలకొద్దీ రంధ్రాలు తొలిచి, పైనా కిందా పలచటి చెక్క అంటించాడు. దాని మీద పోటీలే గెలిచాడు. తర్వాత విమానం రెక్కలాగా లోపల చట్రం, పైన తొడుగు పెట్టి బోలు పలక చేసి, 1932లో పేటెంటు పుచ్చుకున్నాడు.

1935లో ఇంకో పని చేశాడు. పాడైన మోటారు పడవ అడుగు భాగం ముక్క ఒకటి తీసి తన పలక తోక కింద రెక్కలా బిగించాడు. అప్పటిదాకా పలకను తిప్పాలంటే వెనక కాలు నీళ్లలో ఈడ్చాలి, లేకపోతే తోక పక్కకు జారిపోయేది. రెక్క వచ్చాక, పలక పక్కకు జారబోతే నీరు రెక్క మీద అడ్డంగా తోసి ఆపుతుంది. మనిషి బరువు ఒక వైపు వాల్చగానే ఆ తోపు వల్ల పలక తిరుగుతుంది. ఆ చిన్న ముక్కతో నేరుగా ఒడ్డుకు కొట్టుకొచ్చే దుంగ, అల గోడ వెంట పక్కకు పరిగెత్తే వాహనమైంది. తెప్పవాడికి ఈ ముక్క అక్కర్లేకపోయింది, తెడ్డు ఉంది కాబట్టి.

తర్వాతి మార్పు యుద్ధం తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పెరిగిన గాజునార, రెసిన్ 1940ల చివరికి పలకల తయారీదార్ల చేతికొచ్చాయి. లోపల ఈక్వడార్ బాల్సా కర్ర, పైన గాజునార. కాని బాల్సా ఖరీదు, ఒక ముక్కలాగా ఇంకో ముక్క ఉండదు. 1958లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ కలిసి పాలియురెథేన్ నురుగును అచ్చులో పొంగించి పలక లోపలి గుజ్జు తీశారు. రెండు ద్రవాలు కలిపి మూత బిగిస్తే నిమిషాల్లో ఉబ్బుతుంది. దాన్ని నిలువునా కోసి మధ్యలో పలచటి కర్ర బద్ద పెట్టి అతికించి, రందా పట్టి, గాజునార చుట్టాలి. ఇక చెట్టు కోసం వెతుక్కోనక్కర్లేదు.

1959లో ‘గిడ్జెట్’ అనే సినిమా వచ్చింది. మాలిబూ తీరంలో అలలెక్కే అమ్మాయి కథ. నురుగు పలక ఒక్క ఏడాది ముందు రాకపోయి ఉంటే, ఆ సినిమా చూసి ఎగబడ్డ పిల్లలకు అన్ని పలకలు ఎవరివ్వగలిగేవారు? సినిమా రాకపోయి ఉంటే అన్ని పలకలు ఎవరు కొనేవాళ్లు? 1966లో దేశమంతా విడుదలైన బ్రూస్ బ్రౌన్ సినిమా ‘ది ఎండ్‌లెస్ సమ్మర్’ ఆ పిచ్చిని దేశదేశాలకు పాకించింది. పలక కథలో ఇది నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ఘట్టం. రసాయన శాస్త్రం సరుకు తయారుచేస్తే, దానికి గిరాకీ తెచ్చింది తెర.

మిగతా మార్పులు త్వరగా చెప్పేస్తాను. 1960ల చివర్లో పలకలు పొట్టివయ్యాయి. 1970ల మొదట్లో కాలికి తాడు కట్టుకోవడం వచ్చింది. సాగే గొట్టంతో చేసిన ఆ తాడు వెనక్కి తన్ని, వెట్‌సూట్ల వ్యాపారి జాక్ ఓనీల్ ఎడమ కన్ను పోయింది. 1981లో ఆస్ట్రేలియావాడు సైమన్ ఆండర్సన్ మూడు రెక్కల పలకతో బెల్స్ బీచ్ పోటీ గెలిచాడు, ఇవాళ్టికీ ఎక్కువగా కనబడేది ఆ రకమే. 2005 డిసెంబరు 5న క్లార్క్ ఉన్నట్టుండి తన నురుగు ఫ్యాక్టరీ మూసేశాడు. అమెరికాలో పలకలవాళ్లలో అత్యధికులకు గుజ్జు ఆయనే ఇచ్చేవాడు. గుజ్జు దొరక్క చాలామంది ఇంకో పదార్థం వైపు తిరిగారు. విస్తరించిన పాలిస్టైరీన్. మన భాషలో థర్మోకోల్.

ఇక్కడే రెండు కథలూ కలుస్తాయి. మన తీరంలోనూ తేలిక కర్ర ప్రియమైంది, దొరకడం మానేసింది. 1980లలో మద్రాసు కేంద్రంగా పనిచేసిన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డుకు దిగే ఫైబర్ పడవలకు నమూనాలు గీసింది. దుంగల చోట ఫైబర్ బోట్లు, వాటికి మోటార్లు వచ్చాయి. బోటు కొనలేనివాడు థర్మోకోల్ దిమ్మలు పేర్చి, పాత వలతో, ప్లాస్టిక్ పట్టాతో చుట్టి తెప్ప చేసుకున్నాడు. విశాఖ తీరంలో అలాంటి తెప్పను దగ్గరగా చూడండి. పట్టా చిరిగిన చోట తెల్ల గింజలు రాలుతుంటాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. నూటికి 98 వంతులు గాలే కాబట్టి ఒక్కడు నెత్తికెత్తుకుని పోగలడు. కాలిఫోర్నియావాడు అదే గుజ్జు మీద గాజునార, ఎపాక్సీ పూసి వేల రూపాయలకు అమ్ముతాడు. మనవాడికి ఆ పూత కొనే స్తోమత లేదు. తేడా అంతే. రాలిన గింజలు చేప కడుపులోకి పోతాయి, కాబట్టి ఈ తెప్పను నెత్తిన పెట్టుకుని పొగడలేను. కాని నిందించాల్సింది తెప్పవాణ్ణి కాదు. పూతకు సబ్సిడీ ఇవ్వడం పెద్ద విషయమేమీ కాదు.

ఫిల్మ్‌నగర్‌కు సముద్రం కొత్త కాదు. ‘మరో చరిత్ర’ కాలం నుంచి విశాఖ తీరం తెర మీద ఉంది. ‘ఉప్పెన’, ‘తండేల్’ మత్స్యకారుల ఇళ్లలోకే వెళ్లాయి. అయినా విరిగే కెరటాన్ని తెప్ప మీద దాటే మనిషి పనితనం మన తెర మీద ఇంకా తనివితీరా రాలేదు. అలెక్కిన వాణ్ణి చూపించాలనగానే మనకు విదేశీ పలకే గుర్తొస్తుంది. రచయితలకూ దర్శకులకూ ఒక విన్నపం. గ్రీన్‌మ్యాట్ ముందు కాదు, అసలు నీళ్లలో, అసలు తెప్పవాడితో ఆ షాట్ తీయండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు బోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులు అనుభవమున్న చేతులు ఎన్నో ఒడ్డున ఖాళీగా ఉంటాయి. షెడ్యూలు అప్పుడు వేసుకోండి, ఫైటర్లకు ఇచ్చే రేటే వాళ్లకూ ఇవ్వండి, టైటిల్స్‌లో పేరు వేయండి.