మొటిమల ముఖానికి మొక్కల నూనెలు: అపోహలు – వాస్తవాలు

మొటిమలు మొదలైన పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట ‘మొహానికి నూనె తగలనీయకు’. ఫోన్ తెరిస్తే వినిపించేది దానికి పూర్తిగా వ్యతిరేకం. రాత్రి పడుకునే ముందు రోజ్‌హిప్ నూనె నాలుగు చుక్కలు రాసుకుంటే చాలు, మొటిమలు, మచ్చలు అన్నీ పోతాయంటారు. మొదటి మాట పట్టుకున్నవాళ్లు రోజుకు నాలుగైదు సార్లు సబ్బు రుద్ది, చర్మం మంట పుట్టేదాకా ఎండగడతారు. రెండో మాట నమ్మినవాళ్లు డాక్టరు రాసిన మందు మానేసి సీసాల వెంట పడతారు. ఇద్దరికీ నష్టమే. నూనె మొటిమలకు మందు కాదు. అలాగని ప్రతి నూనే మొటిమలు పుట్టించదు. సరిపడే నూనెను సరిపడే ముఖానికి రాస్తే జరిగే మేలు ఒకటే: పొడిబారిన చర్మంలోంచి తేమ ఆవిరైపోకుండా ఆగుతుంది. అంతకు మించి ఎవరేం చెప్పినా ఆధారం ఏమిటని అడగాల్సిందే.

అపోహ: ఏ నూనె రాసినా మొటిమలు పెరుగుతాయి.

వాస్తవం: మొటిమ పుట్టేది రోమకూపం లోపల. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంతో తైలగ్రంథులు జిడ్డును ఎక్కువగా స్రవిస్తాయి. రోమకూపం గోడల్లోని మృతకణాలు రాలిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని దారి మూసేస్తాయి. మూసుకుపోయిన చోట క్యూటిబ్యాక్టీరియమ్ యాక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, వాపు వస్తుంది. పైనుంచి రాసే నూనెకు హార్మోన్లతో పని లేదు. అది చేటు చేస్తే ముఖ్యంగా రోమకూపాల దారి మూసుకుపోయేలా చేయడం ద్వారానే చేస్తుంది.

ఈ విషయంలో అన్ని నూనెలూ ఒకటి కావు. నూనె గుణం అందులోని కొవ్వు ఆమ్లాలను బట్టి ఉంటుంది. మన చర్చకు ముఖ్యమైనవి రెండు: లినోలిక్ ఆమ్లం, ఓలిక్ ఆమ్లం. మొటిమలున్నవారి జిడ్డులో లినోలిక్ ఆమ్లం తక్కువగా ఉంటుందని 1980లలోనే పరిశోధకులు గమనించారు. ఆ ఆమ్లాన్ని నెల రోజులు చర్మంపై రాస్తే, కంటికి కనపడని తొలిదశ మొటిమల పరిమాణం దాదాపు 25 శాతం తగ్గిందని 1998లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం చెప్పింది. కుసుమ, పొద్దుతిరుగుడు, ద్రాక్ష గింజల నూనెలు మొటిమల చర్మానికి మంచివన్న ప్రచారానికి మూలం ఇదే. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆ అధ్యయనంలో రాసింది విడిగా ఉన్న లినోలిక్ ఆమ్లాన్ని. నూనెలో అది ట్రైగ్లిజరైడ్ల రూపంలో, గ్లిజరాల్‌తో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి కుసుమ నూనె రాస్తే మొటిమలు తగ్గుతాయనడానికి ఆ అధ్యయనాన్ని సాక్ష్యంగా చూపలేం.

ఓలిక్ ఎక్కువగా ఉన్న నూనెలతో జాగ్రత్త అవసరమనడానికి మాత్రం ఆధారం ఉంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని వారాల పాటు ఆలివ్ నూనె రాసిన చోట చర్మపు రక్షణ పొర బలహీనపడి, కొద్దిగా ఎర్రబడింది. పొద్దుతిరుగుడు నూనె రాసిన చోట ఆ పొర చెక్కుచెదరలేదు. ఆలివ్, బాదం నూనెల్లో ఓలిక్ ఆమ్లానిదే పెద్ద వాటా.

అపోహ: గానుగలో ఆడించిన నూనె స్వచ్ఛమైనది కాబట్టి ముఖానికీ మంచిదే.

వాస్తవం: వంటకు మంచిదైనదల్లా ముఖానికి మంచిది కావాలని లేదు. ఒక్కోసారి వ్యవహారం తలకిందులవుతుంది కూడా. నూనె త్వరగా చిక్కువాసన పట్టకూడదని శాస్త్రవేత్తలు ఓలిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే వంగడాలను తయారుచేస్తున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ భాగస్వామ్యంతో వచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 వేరుశనగ రకాల్లో ఓలిక్ 80 శాతానికి దగ్గరగా ఉంటుంది. పొద్దుతిరుగుడు, కుసుమల్లో కూడా హై ఓలిక్ రకాలున్నాయి. వంటింటికి ఇది వరం. ముఖానికి రాసుకునేవారు మాత్రం సీసా మీద ‘హై ఓలిక్’ అని ఉందేమో చూసుకోవాలి. పేరు పొద్దుతిరుగుడే అయినా అందులో లినోలిక్ బాగా తగ్గిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. లినోలిక్ ఎక్కువున్న నూనెలకు గాలి, వెలుతురు, వేడి పడవు. త్వరగా ఆక్సీకరణ చెందుతాయి. అలా పాడైన నూనె చర్మాన్ని రేపుతుంది. మే నెల ఎండల్లో కిటికీ పక్కన పెట్టిన సీసా ఎంత ఖరీదైనదైనా పారేయాల్సిందే. చిన్న సీసా, ముదురు రంగు గాజు, చల్లని చోటు ఉండాలి. వాసన మారితే మొహమాటం లేకుండా పారబోయాలి.

అపోహ: కొబ్బరినూనె సూక్ష్మజీవులను చంపుతుంది కాబట్టి మొటిమలకు మందు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. మొటిమల బ్యాక్టీరియాను అది అదుపు చేస్తుందని 2009లో వెలువడిన ప్రయోగశాల పరిశోధన చూపింది. కానీ అక్కడ వాడింది శుద్ధి చేసిన లారిక్ ఆమ్లాన్ని, పరీక్షించింది గాజు పాత్రల్లో, ఎలుకల చెవుల మీద. వంటింటి కొబ్బరినూనెలో లారిక్ కూడా ట్రైగ్లిజరైడ్‌లలోనే ఉంటుంది. పైగా రోమకూపాలను మూసేసే గుణం ఎక్కువని పాత పరీక్షలు తేల్చిన నూనెల్లో కొబ్బరినూనె ఒకటి. కాళ్లకు, చేతులకు నిక్షేపంగా రాసుకోవచ్చు. మొటిమలు వచ్చే ముఖానికి, వీపుకు, ఛాతీకి రాయకపోవడమే మేలు.

అపోహ: సీసా మీద ‘నాన్ కామెడోజెనిక్’ (రోమకూపాలను మూసేయనిది) అని ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు.

వాస్తవం: ఆ ముద్రకు చట్టపరమైన నిర్వచనం అమెరికాలోనే లేదు. ఏ పరీక్ష చేసి ఆ మాట రాశారో కంపెనీ చెప్పాలనే నిబంధనా లేదు. ఇక నెట్‌లో తిరిగే పట్టికల కథ చూడండి. ప్రతి నూనెకూ 0 నుంచి 5 దాకా మార్కులేసి, కొబ్బరికి 4, కుసుమకు 0 అంటారు. ఈ మార్కులకు మూలం చాలావరకు కుందేలు చెవి మీద చేసిన పరీక్షలే. కుందేలు చెవి లోపలి చర్మం మనిషి ముఖం కంటే చాలా సులభంగా స్పందిస్తుంది. 2006లో అమెరికా చర్మవైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, కామెడోజెనిక్ అని పేరుపడ్డ పదార్థాలున్న తయారీ క్రీములను మనుషుల వీపు మీద పరీక్షిస్తే, అవన్నీ రోమకూపాలను మూసేయలేదు. పదార్థం ఎంత పాళ్లలో ఉంది, దేనితో కలిసి ఉంది అన్నదే అసలు తేడా తెచ్చేది. పట్టికను ఒక సూచనగా చూడండి, తీర్పుగా కాదు.

అపోహ: టీ ట్రీ, లావెండర్, నిమ్మ కూడా మొక్కల నూనెలే. నేరుగా మొటిమ మీద అద్దొచ్చు.

వాస్తవం: వీటిని పొద్దుతిరుగుడు, కుసుమల వరసలో కలపకూడదు. ఇవి ఎసెన్షియల్ ఆయిల్స్. మొక్కలోని సుగంధ రసాయనాలను ఆవిరి పట్టి గానీ, తొక్క పిండి గానీ తీసిన గాఢమైన సారం. వీటిలో మొటిమల విషయంలో మంచి ఆధారం ఉన్నది టీ ట్రీకి. 1990లో ఆస్ట్రేలియాలో 124 మందిపై జరిగిన అధ్యయనంలో 5 శాతం టీ ట్రీ జెల్, 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ రెండూ మొటిమలను తగ్గించాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, ఇబ్బందులు తక్కువ పెట్టింది. గుర్తుంచుకోవాల్సింది ఆ 5 శాతాన్ని, అంటే నూటికి ఐదు పాళ్లు. సీసాలోంచి తీసి నేరుగా అద్దితే అది నూటికి నూరు పాళ్లు. దద్దుర్లు, పొక్కులు, అలర్జీ రావొచ్చు. నిమ్మజాతి నూనెల్లో, ముఖ్యంగా తొక్క పిండి తీసిన వాటిలో, ఫ్యూరోకౌమరిన్లు ఉంటాయి. అవి రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టై నల్లమచ్చ పడుతుంది. మన ఛాయ చర్మానికి మొటిమ కంటే దాని తర్వాత మిగిలే మచ్చే పెద్ద బెడద. కొత్త మచ్చలు కొనితెచ్చుకోవద్దు.

అపోహ: బయటి నుంచి నూనె ఇస్తే చర్మం తన జిడ్డును తగ్గించుకుంటుంది.

వాస్తవం: జొజోబా గురించి ఈ మాట తరచూ వినిపిస్తుంది. జొజోబా నిజానికి ద్రవరూపంలో ఉండే మైనం. మన జిడ్డులో కూడా పావు వంతు అలాంటి మైనపు ఎస్టర్లే. ఈ పోలిక నిజం. అందుకే అది చాలామందికి తేలిగ్గా, జిగురు లేకుండా అనిపిస్తుంది. కానీ పైన ఎంత నూనె ఉందో కొలిచి ఉత్పత్తి తగ్గించే మీట తైలగ్రంథుల దగ్గర లేదు. అవి ప్రధానంగా హార్మోన్ల మాట వింటాయి. కడిగితే జిడ్డు రెట్టింపవుతుందన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. అతిగా కడిగితే వచ్చేది పొడిదనం, మంట. వాటితో మొటిమల మందులు తట్టుకోవడం కష్టమవుతుంది. రోజుకు రెండుసార్లు, గాఢత లేని ఫేస్‌వాష్‌తో కడుక్కుంటే చాలు.

అపోహ: నూనె మొదలుపెట్టాక మొటిమలు ఎక్కువైతే, లోపలి చెడు బయటికి వస్తోందన్నమాట.

వాస్తవం: ఈ మాట వల్ల పాడైన ముఖాలు తక్కువేం కాదు. మృతకణాలు రాలే వేగాన్ని పెంచే అడాపలీన్ లాంటి రెటినాయిడ్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, లోపల దాగిన మొటిమలు ఒక్కసారిగా పైకి రావడం ఉంది. మామూలు నూనెకు అలాంటి పని లేదు. నూనె రాశాక మొటిమలు పెరిగితే ఆ నూనె పడలేదనే అర్థం. ఆపేయాలి.

ఇక్కడ కాలం లెక్క కూడా మోసం చేస్తుంది. రోమకూపం మూసుకోవడం మొదలై అది మొటిమగా కనబడడానికి వారాలు పట్టొచ్చు. మొదటి వారం ముఖం నిగనిగలాడితే నూనె పడిందనుకుంటాం. రెండో నెల మొటిమలు వస్తే తిండినో, వేడినో తప్పుబడతాం. అందుకే మోచేతి మడతలో ఒక రోజు రాసి చూసే పరీక్ష అలర్జీని పట్టుకోగలదు గానీ మొటిమలను పట్టుకోలేదు. దవడ కింద ఒక చిన్న చోట నాలుగు వారాలైనా రాసి చూశాకే ముఖమంతా రాసుకోవాలి.

అపోహ: తలకు రాసే నూనెకూ ముఖంలో మొటిమలకూ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. జుట్టుకు రాసే జిడ్డు పదార్థాల వల్ల నుదురు, కణతల మీద వచ్చే మొటిమలను అమెరికా చర్మవైద్యులు 1970లోనే ‘పొమేడ్ యాక్నె’ పేరుతో వర్ణించారు. రాత్రి తలకు నూనె పట్టించి పడుకుంటే అది నుదుటి మీదికి, దిండు గలీబుకు, అక్కణ్నుంచి చెంపకు చేరుతుంది. మొటిమలు ఎక్కువగా నుదుటి అంచు వెంబడి ఉంటే ముందు చూడాల్సింది తలనూనెనే. తలస్నానానికి గంట ముందు రాసుకుని, నుదుటి మీద పడింది తుడుచుకుని, తర్వాత కడిగేస్తే సరిపోతుంది.

అపోహ: పూర్వం అందరూ ఒంటికి, ముఖానికి నూనె రాసుకునేవారు. వాళ్లకేం కాలేదుగా.

వాస్తవం: భోగినాడు, దీపావళినాడు చేసే అభ్యంగన స్నానంలో నువ్వుల నూనె పట్టించాక సున్నిపిండితో నలుగు పెట్టి, వేడినీళ్లు పోస్తారు. అంటే నూనె ఒంటి మీద ఉండేది కాసేపే. ఇప్పుడు అమ్ముతున్న ముఖ తైలాలను రాత్రంతా, రోజూ ఉంచుకోమంటారు. రెండూ ఒకే అలవాటు కాదు. కుంకుమాది తైలానికీ ఇదే వర్తిస్తుంది. సంప్రదాయంగా దాని ఆధారం నువ్వుల నూనె. బజారులో అదే పేరుతో దొరికే సీసాల్లో ఏ నూనె ఉందో, పరిమళం కోసం ఏం కలిపారో లేబుల్ చదివితే గానీ తెలియదు.

అపోహ: నుదుటి మీద, వీపు మీద వచ్చే చిన్న పొక్కులన్నీ మొటిమలే.

వాస్తవం: ఒకే పరిమాణంలో గుంపుగా వచ్చి దురద పెట్టే పొక్కులు మలసీజియా అనే శిలీంధ్రం వల్ల కావొచ్చు. చెమట ఎక్కువ పట్టే విజయవాడ, విశాఖల్లాంటి చోట్ల ఇది మామూలే. ఈ శిలీంధ్రానికి నూనెల్లోని చాలా కొవ్వు ఆమ్లాలు ఆహారం. మొటిమలనుకుని నూనె రాస్తే దాన్ని పెంచి పోషించినట్టే. దీనికి వాడే మందులూ వేరు.

అపోహ: మొటిమల మందు వాడుతుంటే నూనె ముట్టకూడదు.

వాస్తవం: నూనె కాస్త అక్కరకొచ్చేది నిజానికి అప్పుడే. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్, ఐసోట్రెటినోయిన్ లాంటి మందులతో చర్మం పొడిబారి పొట్టు రేగుతుంది. ఆదిలాబాద్ చలిలోనూ, చికాగోలో హీటర్ వేసిన గదిలోనూ ఈ బాధ మరీ ఎక్కువ. అలాంటప్పుడు ముందు మామూలు మాయిశ్చరైజర్, అది చాలకపోతే దాని మీద, చర్మం ఇంకా తడిగా ఉండగానే, రెండు మూడు చుక్కల లినోలిక్ నూనె. నూనెలో నీరు ఉండదు కాబట్టి అది తేమను ఇవ్వలేదు, ఉన్న తేమను పట్టి ఉంచుతుంది. ఉక్కపోత కమ్మిన కోస్తా వేసవిలో, జిడ్డు ఓడే ముఖానికి దీని అవసరమే ఉండదు. వాడకపోతే చర్మానికి లోటేమీ లేదు.

ఈ వరస తప్పకుండా చూసుకుంటే చాలు: మొదట చికిత్స, తర్వాత మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. నూనె చివర, అదీ అవసరమైతేనే. మొటిమల మందులు ఫలితం చూపడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ లోపు సీసాలు మారుస్తూ పోతే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలియదు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు రెటినాయిడ్ల జోలికి వెళ్లకూడదు. గడ్డలుగా వచ్చి నొప్పి పెట్టే మొటిమలు, గుంటలు పడుతున్నవి, నెలసరి తప్పుతూ అవాంఛిత రోమాలతో పాటు వచ్చేవి ఉంటే ఇంటి ప్రయోగాలతో కాలం గడపకుండా చర్మవైద్యులను కలవండి. వెళ్లేటప్పుడు వాడుతున్నవన్నీ వెంట తీసుకెళ్లండి: ముఖ తైలం, తలనూనె, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఫెయిర్‌నెస్ క్రీమ్. కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, మొటిమలకు అదే కారణం కావొచ్చు. అప్పుడు ఎన్ని నూనెలు మార్చినా లాభం ఉండదు.