ఆకుదొప్పయు పిండిపొరయు

ఆహారమును పండించుట యొక విద్య. పండినదానిని చెడకుండ తినువాని చేతికి చేర్చుట మఱియొక విద్య. మొదటిదానిని గుఱించి సభలలోను, పత్రికలలోను చర్చ విశేషముగ జరుగుచున్నది. రెండవదాని ప్రసక్తియే యరుదు. సత్తుపల్లి తోటలోని మామిడి నగరము చేరులోపల కుళ్లినను, మన్యమున ఏరిన ఇప్పపువ్వు తేమ తగిలి బూజుపట్టినను, ఆ నష్టమును తుదకు మోయువారు తోటరైతును, అడవిలో శ్రమించిన గిరిజనుడునే గదా! అందుచే ఆహారమును చుట్టు పొరను గుఱించి నాలుగు మాటలు వ్రాయుట అవసరమని తలంచుచున్నాము.

ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున నున్నవారికి ఈ విద్య నిన్న మొన్న వచ్చినది కాదు. కోయలును, కొండరెడ్లును అడవినుండి అడ్డాకును, మోదుగాకును కోసి తెచ్చుట చిరకాలమునుండి యున్నది. పుల్లలతో కుట్టిన ఆ విస్తళ్లును, దొప్పలును లేక పెండ్లిపందిరి గాని, సంతర్పణ గాని జరుగలేదు. ఆకు వేడియన్నమును భరించును. పని తీరినవెనుక పెంటకుప్పలో పడి మఱుసటి పంటకు ఎరువగును.

ఇట్టి యాకును పాలిథీను వెడలగొట్టినది. 1933లో ఇంగ్లండున రసాయన శాస్త్రజ్ఞులకు యాదృచ్ఛికముగ దొరకిన యీ పదార్థము చవుక, తేలిక. నీటిని లోనికి రానీయదు. దాని గుణములను కాదనుట న్యాయము కాదు. భద్రాచలమున ఆదివాసి మహిళలు చేయు చిరుధాన్యముల బిస్కత్తు దూరనగరములకు పోవలెనన్న, దానిని అడ్డాకులో చుట్టి పంపలేము. తేమ తగిలిన బిస్కత్తు మెత్తబడును. ఆకు పంక్తికి చాలును గాని ప్రయాణమునకు చాలదు. అయితే పాలిథీను ప్రయాణము ముగిసిన తరువాతను చావదు. యాత్రికుడు గోదావరి యొడ్డున విడిచిన సంచి ముక్కలై మన్నులోను, నీటిలోను చిరకాలము నిలిచియుండును. మేతతోపాటు దానిని మ్రింగిన ఆవు కడుపున గడ్డకట్టును.

పండ్ల విషయమున దానికి మఱియొక లోపము గలదు. కోసిన పండు నిర్జీవవస్తువు కాదు. అది ప్రాణవాయువును పీల్చి, బొగ్గుపులుసు వాయువును, నీటియావిరిని విడుచుచుండును. మామిడివంటి పండ్లు ఇథిలీను అను వాయువును గూడ విడుచును. అది ప్రక్క పండ్లను సైతము త్వరగా మాగించును. బిగించి కట్టిన పాలిథీను సంచిలో ఆవిరి చెమ్మయగును. చెమ్మ బూజునకు తల్లి.

ఈ సూక్ష్మమును గ్రహించి శాస్త్రజ్ఞులు పిండితోను, సెల్యులోజుతోను, రొయ్యపెంకు నుండి తీసిన కైటోసానుతోను పలుచని పొరలు చేయుచున్నారు. ఇవి ఊరక కప్పియుండుటతో సరిపుచ్చక పనిచేయును. లవంగతైలము కలిపిన పొర బూజును అణచును. మఱియొకటి ఇథిలీనును పీల్చివేయును. పసుపు కలిపిన పొర యింకను చిత్రము. పసుపునకు సున్నము తగిలిన ఎఱ్ఱనగునని పారాణి కలుపు మన యిల్లాండ్రకు తెలియనిది కాదు. చేప చెడునపుడు పుట్టు వాయువులకును సున్నమువంటి క్షారగుణమే కలదు. అందుచే పసుపుపొర ఎఱ్ఱబారి, కట్ట విప్పకమునుపే కొనువానిని హెచ్చరించును.

ఈ ముడిసరకులలో మనకు లేనిదేది? మొక్కజొన్న ఖమ్మము చేలలో పండుచున్నది. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశము భారతమునకే అగ్రగామి. భద్రాచలమునకు ఆవలియొడ్డున సారపాకలో 1979లో ఉత్పత్తి ప్రారంభించి, 2002లో ఐ.టి.సి.లో విలీనమైన మిల్లు, రైతులు పెంచిన జామాయిలు, సుబాబులు కఱ్ఱను కొని కాగితమును, అట్టలను చేయుచున్నది. గోదావరికి ఎగువన కమలాపురమున రేయానుకు తగిన గుజ్జును తయారుచేసిన కర్మాగారమో, 2014లో ఆగిపోయినది. అట్టి గుజ్జే సెల్లోఫేనునకును మూలము. పైపూత లేని సెల్లోఫేను మట్టిలో జీర్ణించును. కొఱత వనరులది కాదు, వానిని ఒకచోట చేర్చు సంకల్పముది.

అట్లని కొత్తపేరు గలదెల్ల మేలైనదని భ్రమపడరాదు. పిండిపొర తేమకు మెత్తబడును. మొక్కజొన్న చక్కెరనుండి పుట్టిన పాలీలాక్టికామ్లపు సంచి మట్టిలో కలియునను ముద్రతో వచ్చును. కాని 60 డిగ్రీల సమీపమున వేడి నిలుచు ప్రత్యేకమైన యెరువు కేంద్రములో గాని అది త్వరగా కుళ్లదు. పొలముగట్టున వేసినయెడల ఏండ్లు పడియుండును. అట్టి కేంద్రము లేని యూర ఆ ముద్ర రైతును మోసపుచ్చుటయే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రము గల సంచిపైనను, అది ఎక్కడ, ఎన్ని దినములలో మన్నగునో తెలుగున ముద్రింపవలెనని మేము కోరుచున్నాము.

2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మున్నగునవి దేశమంతట నిషిద్ధములు. శాసనము ఒకదానిని తీసివేయగలదు. దాని చోట మఱియొకటి రావలెనన్న కొనువాడు కావలెను. ధాన్యమును, చక్కెరను గోనెసంచులలో నింపు విధిని 1987లో పార్లమెంటు చట్టము చేసినది. జనపనార పండించు రైతునకు దానివలన గిరాకి నిలిచినది. అడ్డాకు కోయు గిరిజనునకు అట్టి యండ ఏల యుండరాదు? ప్రభుత్వపు విందులలోను, దేవస్థానముల అన్నదానములలోను ఆకువిస్తరినే వాడవలెను. తీగను నఱకక ఆకును మాత్రమే కోసినవారికి న్యాయమైన ధర చెల్లవలెను. 1950 నుండి మైసూరున పనిచేయుచున్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమును సత్తుపల్లి తోటల యజమానులు ఆశ్రయించి, ఒక్క కాపు మామిడినైనను కొత్త పొరలలో పంపి లాభనష్టములు లెక్కవేసి చూడవలెను. సొంత తోట, సొంత బండి గల మన పాఠకులకు ఇది అసాధ్యము కాదు.

ఆహారము మన నేలది. దానిని చుట్టు పొరయు మన నేలనుండియే పుట్టి, మన నేలలోనే కలియవలెను. ఆకు కోసి తెచ్చిన చేతికిని కడుపునిండ అన్నము దొరకవలెను.