ఇసుకనేలపై గుమ్మటపు గుడారము

అవనిగడ్డ దాటి హంసలదీవి సముద్రతీరమున, అనుమతి పొంది విడిది చేయదలచువారు గుమ్మటపు గుడారమును గూర్చి ఒక విషయము ఎరుగవలెను. వంగెడు కడ్డీలు రెండు నడినెత్తిన ఒకదానినొకటి దాటి నాలుగు మూలల నిలుచును. నడుమ స్తంభముతో పనిలేదు. కాని తనంత తాను నిలుచునది గాలికిని నిలుచునని మనము భావింపరాదు. వదులుగానున్న ఇసుకలో మేకు పట్టు చిక్కక ఊడివచ్చును. కావున చిన్న సంచిని ఇసుకతో నింపి, నడుమ త్రాడు కట్టి, మూరెడు లోతున అడ్డముగా పాతి, పైన ఇసుక త్రొక్కవలెను. ఆ ఇసుక బరువే మనకు లంగరు. ముందుగా గాలివైపు మూలలు బిగించి, పిదప కడ్డీలెత్తుదము. ద్వారము గాలికి ఎదురుగా నుండరాదు. పోటునీరు విడిచిన చెత్తవరుసకు బాగుగా ఎగువనే చోటు చూచుకొందము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూచిన సీమ యిది. తుపాను హెచ్చరిక రేడియోలో వినవచ్చినచో, ఏ లంగరును నమ్మక, గుడారము మడచి పక్కా కట్టడమునకు చేరుటయే కర్తవ్యము.