వీసా మనది, ఆధారం ఎవరిది?

ఈ ఏడాది మన క్లాసులో ఎక్కువగా వినపడుతున్న మాట "ఫారిన్ సంబంధం". ఒకరికి సంబంధం, ఇంకొకరి అన్నకు ఎమ్మెస్, మరొకరి మేనత్తకు కువైట్. అందరూ వీసా వచ్చిందనే చెప్తారు. "ఏ వీసా?" అని అడిగితే మాత్రం "ఏదో ఒకటి, అమెరికా అంటే అమెరికానే కదా" అంటారు. అసలు సంగతంతా ఆ "ఏదో ఒకటి"లోనే ఉంది. నేను చదివి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా తెలియాలి. ఒక చోటికి రావడం వేరు, అక్కడ ఉండడం వేరు. మా తాతయ్య కరీంనగర్ వైపు నుంచి పేపర్ మిల్లు పనికోసం వచ్చి బల్లార్షా స్టేషన్‌లో దిగినప్పుడు ఆయన్ని ఎవరూ అనుమతి కాగితం అడగలేదు. దేశంలో ఎక్కడైనా తిరగడానికి, స్థిరపడడానికి మన రాజ్యాంగం 19వ అధికరణం హక్కు ఇచ్చింది. అయినా మహారాష్ట్ర డొమిసైల్ సర్టిఫికెట్ కావాలంటే ఇక్కడ 15 ఏళ్లు ఉన్నట్టు రుజువు చూపాలి. దాని కోసం పాత కరెంటు బిల్లులు, స్కూలు దాఖలాలు వెతకడం మా ఆయికి, నాన్నకు బాగా తెలిసిన పని. సొంత దేశంలోనే ఇంత ఉంటే, పరాయి దేశం సంగతి చెప్పక్కర్లేదు.

పాస్‌పోర్టులో అతికించే వీసా తలుపు దాకా వెళ్లడానికి మాత్రమే. అమెరికాలో ఎన్నాళ్లు ఉండవచ్చో విమానం దిగాక ఇచ్చే ఐ-94 అనే రికార్డు చెప్తుంది. వీసా మీద ఇంకా గడువు ఉన్నా, ఐ-94 తేదీ దాటితే అక్కడ ఉండడం చట్టవిరుద్ధం అవుతుంది, జాగ్రత్త పడాలి.

ఇక అసలు ప్రశ్న. ఆ ఉండే హక్కు దేని మీద నిలబడి ఉంది?

చదువు మీద: ఎఫ్-1 వీసాకు ఆధారం కాలేజీ. అది ఇచ్చే ఐ-20 కాగితంతోనే వీసాకు వెళ్లాలి. చదువు మానేస్తే హోదా పోతుంది. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు ఉద్యోగం చేయవచ్చు. సైన్సు, ఇంజినీరింగ్, లెక్కలు చదివినవాళ్లకు ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. సాహిత్యం, చరిత్ర చదివితే ఆ పొడిగింపు లేదు. మనం ఆర్ట్స్ వాళ్లం కాబట్టి అప్పు చేసే ముందే ఈ లెక్క చూసుకోవాలి.

ఉద్యోగం మీద: హెచ్-1బి వీసాకు ఆధారం కంపెనీ. దరఖాస్తు కూడా కంపెనీయే పెట్టాలి. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000 ఇస్తారు. మొదట 3 ఏళ్లు, మామూలుగా మొత్తం 6 ఏళ్లు. ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు.

భర్త మీద: మనకు వచ్చే "ఫారిన్ సంబంధాల్లో" ఎక్కువగా ఉండేది ఇదే, హెచ్-4. మా పెద్దనాన్న కూతురు ఎమ్మెస్సీ, బీఈడీ చేసి చంద్రపూర్‌లో టీచరుగా పనిచేసేది. పెళ్లయ్యాక హెచ్-4 మీద డాలస్ వెళ్లింది. "చదువుకోవచ్చంట, బడిలో పాఠం చెప్పి జీతం తీసుకోవద్దంట" అని ఫోన్‌లో చెప్పింది. నిరుడు బావ ఉద్యోగం పోయింది. ఆ 60 రోజులు అక్క కూడా క్యాలెండర్ చూస్తూ గడిపింది. ఎందుకంటే ఆయన హోదా పోతే ఆమెదీ పోతుంది. విడాకులైనా అంతే. బావకు గడువులోపే ఇంకో ఉద్యోగం దొరికింది కాబట్టి ఉన్నారు.

హెచ్-4 వాళ్లలో కొందరు పని చేసుకునేందుకు 2015లో అనుమతి వచ్చింది. కానీ భర్త గ్రీన్ కార్డు దరఖాస్తులో ఐ-140 అనే మెట్టు దాటి ఉండాలి, లేదా ఆ ప్రక్రియ వల్ల ఆయనకు 6 ఏళ్ల తర్వాత పొడిగింపు వచ్చి ఉండాలి. విద్యార్థి భార్యకు ఇచ్చే ఎఫ్-2లో అయితే పని చేసే వీలే లేదు.

యజమాని మీద: గల్ఫ్‌లో ఉండే హక్కు పని ఇచ్చినవాళ్లతో ముడిపడి ఉంటుంది. వాళ్లనే కఫీల్ అంటారు. విజిట్ వీసా మీద పంపి "అక్కడికెళ్లాక మారుస్తం" అనే ఏజెంటు మాట నమ్మకూడదు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. అది ఉన్నవాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. మనం పది పాసయ్యాం, ఆ తనిఖీ మనకు లేదు. కానీ అప్పుడు మన ఒప్పందాన్ని ముందుగా చూసేవాళ్లు కూడా ఉండరు, మనమే చదువుకోవాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు.

సొంతంగా: శాశ్వత నివాసం వస్తే కంపెనీ మారినా, భర్తతో విడిపోయినా మామూలుగా మన హోదా మనతోనే ఉంటుంది. కెనడాలో వయసు, చదువు, భాష, అనుభవానికి పాయింట్లు వేసి పీఆర్ ఇస్తారు. భార్యాభర్తలు కలిసి వెళ్తే ఇద్దరికీ ఎవరి పీఆర్ వాళ్లకే. అమెరికా గ్రీన్ కార్డు కూడా చేతికొచ్చాక అలాంటిదే. కానీ ఉద్యోగం ద్వారా ఏడాదికి సుమారు 1,40,000 మాత్రమే ఇస్తారు, ఒక్క దేశం వాళ్లకు 7 శాతం పరిమితి. అందుకే మనవాళ్లు ఏళ్ల తరబడి క్యూలో ఉంటారు. ఈలోగా పిల్లలకు 21 ఏళ్లు నిండితే వాళ్ల హెచ్-4 కూడా ఆగిపోతుంది.

ఇదంతా వద్దని చెప్పడానికి రాయలేదు. అవకాశం వస్తే నేనూ వెళ్తాను. సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం, జాతకం, జీతం అన్నీ అడుగుతారు. వాటితో పాటు ఇవి కూడా అడగమని ఇంట్లో చెప్పండి. అబ్బాయిది ఏ వీసా? గడువు ఎప్పటిదాకా? ఐ-140 అయిందా? నాకు వచ్చేది ఏ వీసా? దాని మీద నేను పని చేయవచ్చా? ఆయన ఉద్యోగం పోతే నా సంగతేంటి?

అడిగితే "పిల్లకు నోరెక్కువ" అంటారేమో. అననీయండి. పెళ్లిచూపుల్లో కాకపోతే, అవే ప్రశ్నలు 60 రోజుల గడువు పెట్టుకుని అడగాల్సి వస్తుంది.