తలకిందులైన గోల్డ్‌ఫిష్

గోల్డ్‌ఫిష్ ఒక పక్కకు ఒరిగి ఈదుతుంది. లేదా తోక పైకి లేచి తల కిందికి వేలాడుతుంది. పొట్ట పైకి తిప్పి నీటి మీద తేలుతుంది. ఒక్కోసారి తొట్టి అడుగున రాయిలా కూర్చుండిపోతుంది. ఇవన్నీ ఒకే ఇబ్బందికి వేర్వేరు రూపాలు: నీటిలో తన బరువును తాను నిలుపుకోవడం చేపకు చేతకావడం లేదు. అక్వేరియం దుకాణాల్లో దీన్ని ‘స్విమ్ బ్లాడర్ జబ్బు’ అంటారు. ఆ పేరు వింటే ఇదొక రోగమనీ, దానికొక మందు ఉంటుందనీ అనిపిస్తుంది. కానీ ఇది మనిషికి వచ్చే జ్వరం లాంటిది. వెనక ఏదో ఒక కారణం ఉంటుంది, ఆ కారణం చేపచేపకూ మారుతుంది. ఎక్కువసార్లు అది తొట్టిలోని నీళ్లలోనో, మేత వేసే చేతిలోనో దొరుకుతుంది. అందుకే మందు సీసా కొనేముందు ఆ రెంటినీ చూడాలి.

శీలావతినో బొచ్చెనో కోసినప్పుడు పేగులతో పాటు తెల్లటి బుడగ ఒకటి బయటపడుతుంది. పెద్దవాళ్ల వెంట చేపల బజారుకు వెళ్లిన పిల్లలకు అది బాగా తెలుసు. కాలికింద వేసి తొక్కితే టప్పుమని పేలుతుంది. అదే గాలితిత్తి. గోల్డ్‌ఫిష్ కూడా ఆ కార్పు కుటుంబంలోదే కాబట్టి దాని తిత్తీ అలాగే నడుమ నొక్కుపడి రెండు గదులుగా ఉంటుంది. కండ, ఎముక నీటికంటే బరువు. తిత్తిలోని గాలి ఆ తేడాను సరిచేస్తుంది గనకే చేప రెక్క ఆడించకుండానే నీటి మధ్యలో నిలబడగలదు. మంచినీటి చేపల్లో ఈ తిత్తి ఒంటి పరిమాణంలో ఇంచుమించు 7 శాతం ఉంటుంది. ఇంత చిన్న భాగం కాస్త ఉబ్బినా, నొక్కుకుపోయినా, పక్కకు జరిగినా చేప తూకం తప్పుతుంది. (ఈ తిత్తికి ఇంకో పని కూడా ఉంది. ముందు గది నుంచి చిన్న ఎముకల గొలుసు లోపలి చెవిదాకా వెళ్తుంది. చప్పుడుకు తిత్తి కంపిస్తే ఆ ఎముకలు దాన్ని చెవికి చేరవేస్తాయి. తొట్టి అద్దం మీద వేలితో కొట్టడం చేపకు ఎంత బాధో దీన్నిబట్టి ఊహించవచ్చు.)

తిత్తి నుంచి అన్నవాహికలోకి సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. చేప నీటిపైకి వచ్చి గుటకేసిన గాలి ఆ దారిన తిత్తిలోకి పోగలదు, ఎక్కువైంది నోటిగుండా బయటికి రాగలదు. ఇక గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయమే లేదు. గొంతులోని పళ్లతో నలిపిన మేత నేరుగా పేగులోకి పోతుంది. మనం తిన్నది కొన్ని గంటలు కడుపులో నిలవ ఉంటుంది. దానికి ఆ సౌకర్యం లేదు. చెరువులో అది రోజంతా కొంచెం కొంచెం నాచు, పురుగు, బురదలోని తుక్కు ఏరుకుని తినే జీవి. అలాంటి పేగులోకి ఒకేసారి గుప్పెడు గుళికలు పోతే పేగు ఉబ్బి, పైనున్న తిత్తిని నొక్కుతుంది.

అయితే అన్ని గోల్డ్‌ఫిష్‌లకూ ఈ బెడద ఒకేలా ఉండదు. పొడవాటి ఒళ్లున్న మామూలు రకానికీ, కామెట్ రకానికీ ఇది అరుదు. గుండ్రంగా బంతిలా ఉండే ఒరాండా, రుకిన్, రంచు, బ్లాక్ మూర్, పెర్ల్‌స్కేల్ రకాలకే తరచుగా వస్తుంది. చైనాలో సోంగ్ రాజుల కాలానికే, అంటే వెయ్యేళ్ల కిందటే, గోల్డ్‌ఫిష్‌లను చెరువుల్లో ముచ్చటకు పెంచేవారు. తర్వాత ఇళ్లలో కుండీల్లో పెట్టి, పొట్టి నడుము, జంట తోక, ఉబ్బిన తల ఉన్నవాటినే ఏరి ఏరి పిల్లలు పెట్టించారు. కిరాణా సంచీలో పట్టాల్సిన సరుకును చిన్న చేతిసంచీలో కుక్కినట్టు, అదే పేగు, అదే తిత్తి, అవే గుడ్లు సగం చోటులో ఇరుక్కున్నాయి. దుకాణంలో అందంగా కనిపించే ఆ బొద్దుతనమే చేపకు పుట్టుకతో వచ్చిన లోపం. కొనేవారికి ఈ మాట ముందే చెప్పేవాళ్లు తక్కువ.

మేతలో జరిగే పొరపాట్లు చాలావరకు ఒక తీరుగానే ఉంటాయి. తేలే గుళికలు వేస్తే చేప పైకి వచ్చి మేతతో పాటు గాలీ మింగుతుంది. పొడి గుళిక పేగులోకి పోయాక నీరు పీల్చి లావెక్కుతుంది. బిస్కెట్టు, బ్రెడ్డు, మరమరాలు, అన్నం వేయడం మన ఇళ్లలో మామూలే. పిండిపదార్థం ఎక్కువై, పీచు లేక అవి పేగులో అడ్డుపడతాయి. పైగా ఇంట్లో ఒకరు వేశారో లేదో తెలియక ముగ్గురూ వేస్తారు. గోల్డ్‌ఫిష్‌కు చాలు అనడం తెలియదు, మనిషి కనిపిస్తే చాలు అద్దం దగ్గరకు పరుగెత్తుకొస్తుంది. ఆ ఆశను ఆకలి అనుకుంటారు.

మలాన్ని చూస్తే లోపలి సంగతి చాలావరకు తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చేపకు మలం మేత రంగులోనే ఉండి, కాస్త పొడవు కాగానే తెగి పడిపోతుంది. తెగకుండా దారంలా పొడవుగా వేలాడుతుంటే, మధ్యమధ్య గాలిబుడగలు కనిపిస్తుంటే పేగు సరిగా పని చేయడం లేదు. తెల్లగా, లోపల ఏమీ లేని సన్నటి తొడుగులా వస్తే చేప తినకపోవడం వల్ల కావచ్చు, పేగులో పరాన్నజీవి కావచ్చు. రోజుల తరబడి అదే తీరుంటే రెండోదాన్ని అనుమానించాలి.

నీటి సంగతికి వస్తే, ఉత్తరాంధ్ర ఇళ్లలో తొట్టిలోకి నీళ్లు వచ్చే దారులు మూడు. మునిసిపల్ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పలను కాలుస్తుంది, ఫిల్టర్‌లో అమ్మోనియాను తొలగించే మంచి బ్యాక్టీరియానూ చంపుతుంది. వెడల్పాటి బకెట్టులో ఒకరోజు ఎండలో ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరైతే దుకాణంలో అమ్మే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు సరిపోతాయి. బోరు నీటిలో ఉప్పులెక్కువైనా గోల్డ్‌ఫిష్ చాలావరకు ఓర్చుకుంటుంది, కానీ భూమిలోంచి అప్పుడే వచ్చిన నీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి కొన్ని గంటలు గాలి తగలనివ్వాలి. మూడోది 20 లీటర్ల టిన్నుల్లో వచ్చే ఆర్వో నీరు. మనుషులకు మంచిది గదా అని చేపకూ అదే పోస్తారు. ఖనిజాలు తీసేసిన ఆ నీటికి ఆమ్లగుణాన్ని అదుపులో ఉంచే శక్తి ఉండదు, వారాలు గడిచేకొద్దీ పీహెచ్ జారిపోతుంది. ఉత్త ఆర్వో నీటిలో చేపను పెట్టకూడదు.

విసర్జించిన అమ్మోనియా పేరుకుపోతే చేప మేత మాని, రెక్కలు ముడిచి అడుగున కూలబడుతుంది. చూసేవారు గాలితిత్తి పాడైందనుకుంటారు. అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. వీటిని కొలిచే కిట్లు పెద్ద దుకాణాల్లో దొరుకుతాయి. కిట్ లేకపోయినా, బల్లమీద పెట్టే గుండ్రటి గాజుగిన్నెలో అమ్మోనియా ఉంటుందని కొలవకుండానే చెప్పొచ్చు. ఒక్క చేపకైనా 60, 70 లీటర్ల నీరు, ఫిల్టరు కావాలి. ఆ ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడిగితే బ్యాక్టీరియా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. తొట్టిలోంచి తీసిన పాత నీటిలోనే పిండాలి.

వేడి ఇంకో చిక్కు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. రోహిణి కార్తెలో ఈ జిల్లాల్లో గది నీళ్లు 30 దాటడం వింతేమీ కాదు. చేప పైకొచ్చి గాలి గుటకలేస్తుంది, ఆ గాలి కొంత లోపల చిక్కుకుంటుంది. చలికాలం తెల్లవారుజామున నీరు ఒక్కసారిగా చల్లబడితే పేగు మందగిస్తుంది. రోజులో రెండు డిగ్రీలకు మించి మారకుండా చూస్తే చాలు, ఇక్కడ హీటరు అవసరం చాలామందికి రాదు. వీటన్నిటికంటే పెద్ద పరీక్ష తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. గాలిపంపు ఆగితే ఆక్సిజన్ తగ్గుతుంది, ఆగిన ఫిల్టరులో బ్యాక్టీరియా చచ్చిపోవడం మొదలవుతుంది. అలాంటప్పుడు మేత పూర్తిగా ఆపి, గంటకోసారి చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి ధారగా తొట్టిలోనే పోయాలి. కరెంటు వచ్చాక నిలవ నీటితో ఉన్న ఫిల్టరును శుభ్రం చేయకుండా వేయకూడదు.

చేప ఒరిగిన రోజు చేయాల్సిన మొదటి పని నీళ్లు మార్చడం. నాలుగో వంతు నీరు తీసి, అదే వేడిలో ఉన్న క్లోరిన్ లేని నీరు పోయాలి. రెండోది ఉపవాసం. రెండు మూడు రోజులు మేత పెట్టకపోతే పెద్ద గోల్డ్‌ఫిష్‌కు ఏమీ కాదు. నెలకు రెండు ఏకాదశులు ఉండే ఇళ్లలో కూడా చేపను పస్తు పెట్టడానికి మాత్రం ఎవరికీ మనసొప్పదు! నీటి మట్టం తగ్గిస్తే చేపకు పైకీ కిందికీ ఈదే శ్రమ తగ్గుతుంది. తొట్టిలో హోరున నీరు తోసే పంపు ఉంటే ధారను మందగించాలి.

ఉపవాసం తర్వాత చాలామంది చెప్పేది బఠాణీ. పచ్చి బఠాణీని మెత్తగా ఉడికించి, పైతొక్క తీసి, పప్పును వేళ్లతో నలిపి చిన్న తునకలుగా వేస్తారు. చిన్న చేపకు అర గింజ చాలు. దీన్ని మంత్రంలా చెప్పుకోవడం అతిశయమే. అది మునుగుతుంది కాబట్టి చేప గాలి మింగదు, మెత్తన కాబట్టి పేగులో ఉబ్బదు, కాస్త పీచు ఉంటుంది. అంతకుమించి అందులో మందేమీ లేదు. ఉడికించిన పాలకూర, డాఫ్నియా అనే చిన్న నీటిపురుగులు కూడా ఆ పని చేస్తాయి. ఆ తర్వాత మునిగే గుళికలకు మారి, రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే రెండు పూటలా వేయాలి. వారానికొక రోజు ఖాళీ.

మూడు నాలుగు రోజులకూ పొట్ట ఉబ్బు తగ్గకపోతే ఎప్సమ్ సాల్ట్ వాడతారు. 20 లీటర్లకు ఒక చెంచా, విడిగా మగ్గులో కరిగించి కొంచెం కొంచెంగా పోయాలి. ఇది మెగ్నీషియం సల్ఫేట్. వంటింటి ఉప్పుకు పొట్ట ఉబ్బు తగ్గించే గుణం లేదు. ఎరువుల కొట్టులో దొరికేదీ ఆ రసాయనమే అయినా పొలానికి తయారైన సరుకు కనక మందుల షాపుదే వాడాలి. యాంటీబయాటిక్ పొడులను మాత్రం ఊహమీద తొట్టిలో గుమ్మరించకూడదు. అవి ఫిల్టరులోని బ్యాక్టీరియాను చంపి, ఉన్న జబ్బుకు అమ్మోనియాను కలుపుతాయి.

పేగుతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. పొలుసులు నిక్కబొడుచుకుని చేప పైనుంచి చూస్తే సీతంపేట మన్యం అనాసపండులా కనిపిస్తుంటే ఒంట్లో నీరు చేరినట్టు. మూత్రపిండాలు పనిచేయడం మానాయి, బతికే ఆశ తక్కువ. పొట్ట ఒక పక్కే ఉబ్బితే మూత్రపిండంలో తిత్తులు లేదా కంతి కావచ్చు. ఆడచేపలో గుడ్లు నిండినా తూకం మారుతుంది. గాలితిత్తిలోనే చీము పడితే, నీరు నిండితే చేప తేలడానికి బదులు మునిగిపోతుంది. వీటిలో ఏది అన్నది ఎక్స్‌రేలో తేలుతుంది. గాలి నల్లగా కనిపిస్తుంది కాబట్టి తిత్తి రెండు గదులూ ఫిల్ము మీద స్పష్టంగా తెలుస్తాయి. తడి గుడ్డ మీద చేపను క్షణంసేపు పడుకోబెడితే చాలు, కుక్కకు వాడే యంత్రమే సరిపోతుంది. చేపల్ని చూసే పశువైద్యులు ఎక్కడైనా అరుదే. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ ముందుగా అడిగి చూడవచ్చు.

కొన్ని గుండ్రటి చేపలు ఎన్ని చేసినా నిలువుగా ఈదవు. తింటూ, మనిషిని గుర్తుపడుతూ ఉన్నంతకాలం అవి బతకగలవు. తేలే చేపకు వీపు నీటిపైన ఎండి పుండు పడుతుంది, మునిగే చేపకు గులకరాళ్లు గీసుకుని పొట్ట పుండవుతుంది. కాబట్టి లోతు తక్కువ తొట్టి, నునుపైన అడుగు, వేళ్ల కొసల మధ్య పట్టుకుని నోటికి అందించే మేత అవసరం. తినడం పూర్తిగా మానేసి, మొప్పలు ఎగరేస్తూ ఉన్న చేపను బతికుండగా మరుగుదొడ్డిలో వేయడం, ఫ్రీజర్‌లో పెట్టడం రెండూ క్రూరమే. పశువైద్యుని సలహాతో లవంగనూనె మోతాదు ఎక్కువగా కలిపిన నీటిలో ఉంచితే అది స్పృహ తప్పి, నొప్పి తెలియకుండా పోతుంది. దయతలచి ఊరి చెరువులోనో గెడ్డలోనో వదలడమూ సరికాదు: తూకం తప్పిన చేపను కొంగ అదే రోజు పట్టుకుపోతుంది, తప్పించుకున్నది తన ఒంట్లో అంటుజబ్బేదైనా ఉంటే దాన్ని చెరువులోని శీలావతులకు అంటించవచ్చు.