ఉద్యోగం నాది.. సర్దుబాటు ఇంటిల్లిపాదిది

హైదరాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగున్నర గంటల్లో సింగపూర్‌. గడియారం రెండున్నర గంటలు ముందుకు జరుపుకుంటే సరిపోతుంది. లిటిల్‌ ఇండియాలోని టెక్కా మార్కెట్‌కి వెళ్తే మునక్కాయలు, కరివేపాకు, అరటి ఆకులు అన్నీ ఉంటాయి. ‘అమెరికాలా కాదు, పక్క ఊరికి వెళ్లినట్టే’ అంటూ బంధువులు మమ్మల్ని సాగనంపారు. ఇరవై ఏళ్ల సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం తర్వాత నలభై దాటిన వయసులో, భార్య, పదేళ్ల కూతురితో కలిసి 2024 జనవరిలో ఇక్కడికి వచ్చాను. ఊరు దగ్గరే. అయితే అలవాట్లు, నిబంధనలు కొత్తవి. వాటిలో కొన్ని ఇప్పటికీ నవ్విస్తాయి. ఒకటి మాత్రం ఇంకా తేలలేదు.

ఇంటిపేరే నా పేరు

మొదటి చిక్కు పేరుతో వచ్చింది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాస్‌పోర్టులో ఒక వరుస, ఉద్యోగ పాస్‌పై ఒక వరుస, అద్దె ఒప్పందంలో ఇంకో వరుస వచ్చాయి. పేర్లు సరిపోలడం లేదంటూ బ్యాంకు ఖాతా దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. ఆఫీసులో అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. ఎవరో మా తాతయ్యను పిలుస్తున్నట్టు ఉండేది. విచిత్రంగా, సంగతి చెప్పగానే అర్థం చేసుకున్నది మా చైనీస్‌ మేనేజరే. చైనీయుల పేర్లలోనూ ఇంటిపేరే ముందు వస్తుంది కదా! ‘మీదీ మా పద్ధతేనా’ అంటూ ఆయనే దగ్గరుండి రికార్డు మార్పించారు. కొత్తగా వచ్చేవారు అన్ని కాగితాల్లో పాస్‌పోర్టులో ఉన్న పేరే, అదే వరుసలో ఉండేలా చూసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

రెండో చిక్కు గడియారంతో. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశం కాబట్టి ఏడాది పొడవునా సూర్యుడు ఉదయం ఏడు గంటల ప్రాంతంలో వచ్చి సాయంత్రం ఏడు ప్రాంతంలో వెళ్తాడు. 1982లో ఇక్కడి గడియారాన్ని అరగంట ముందుకు జరిపారు. అందుకే బడికి వెళ్లే పిల్లలు చీకట్లోనే బయల్దేరతారు. మా బృందంలో సగం మంది ఇండియాలో ఉంటారు. వాళ్లు సాయంత్రం ఆరింటికి ‘చిన్న కాల్‌’ పెడితే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. మొదటి మూడు నెలలు మా ఇంట్లో భోజనం, మీటింగ్‌ ఒకే బల్ల మీద జరిగాయి.

టిష్యూ ప్యాకెట్‌ మహిమ

మా అమ్మాయికి మొదటి వారమే హాకర్‌ సెంటర్‌లో ఒక అనుభవం. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్‌ కనిపించింది. ఎవరో మర్చిపోయారనుకుని దాన్ని పట్టుకుని అప్పుడే లేచి వెళ్తున్న ఒక పెద్దావిడ వెంట పరుగెత్తింది. ఆవిడ నవ్వి, ప్యాకెట్‌ మళ్లీ బల్ల మీదే పెట్టి, ‘చోప్‌’ అని చెప్పి అన్నం తెచ్చుకోవడానికి వెళ్లారు. చోప్‌ అంటే ఇక్కడ సీటు పట్టుకోవడం. మన బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేయడం లాంటిదే. తిన్నాక పళ్లేలు మనమే తీసి పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి హాకర్‌ సెంటర్లలో ఈ నిబంధనను గట్టిగా అమలు చేస్తున్నారు.

కాఫీ కోసం ప్రత్యేకంగా ఒక భాషే ఉంది. ‘కొపి’ అంటే చిక్కటి తీపి పాలు కలిపిన కాఫీ. ‘కొపి ఓ’ అంటే పాలు లేకుండా చక్కెరతో. ‘కొపి సీ’ అంటే తీపి లేని డబ్బా పాలతో. చక్కెర అసలు వద్దంటే చివర ‘కొసోంగ్‌’ చేర్చాలి. మలయ్‌లో ఆ మాటకు ఖాళీ అని అర్థం. మధుమేహం ఉన్న మా నాన్నగారు చూడటానికి వచ్చినప్పుడు రెండు రోజుల్లోనే ‘కొపి సీ కొసోంగ్‌’ నేర్చుకున్నారు.

సామాను సర్దే విషయంలోనూ జాగ్రత్త కావాలి. కుర్మాలో వేసే గసగసాలు ఇక్కడ నిషిద్ధం. మత్తుమందుల నియంత్రణ విభాగం పరిధిలోకి వస్తాయి. బయల్దేరే ముందురోజు ఒక మిత్రుడు ఫోన్‌ చేసి చెప్పడంతో మా అత్తగారు ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొట్లాలన్నీ విప్పి చూశాం. మాంసం పచ్చళ్లు కూడా ఎక్కడి నుంచి పడితే అక్కడి నుంచి తేవడానికి లేదు. ఆమోదించిన దేశాల నుంచే రావాలి. మిక్సీకి మాత్రం కరెంటు ఇబ్బంది లేదు. వోల్టేజీ మనదే. ప్లగ్గు పిన్నులే బల్లపరుపుగా, చదరంగా ఉంటాయి.

‘వంట ఎక్కువా?’

ఇల్లు వెతికేటప్పుడు ఏజెంట్లు మొదట అడిగింది ‘వంట ఎక్కువగా చేస్తారా’ అని. ఒక యజమాని మేం భారతీయులమని తెలిశాక ఇల్లు చూపించడానికే ఒప్పుకోలేదు. అయితే ఇదే దేశంలో మరో కథ కూడా ఉంది. భారతీయ కుటుంబం వండే కూర వాసనపై చైనా నుంచి వచ్చిన పొరుగువారు ఫిర్యాదు చేయడం, వారు ఇంట్లో లేనప్పుడే కూర వండేలా రాజీ కుదరడం 2011లో పత్రికల్లో వచ్చింది. దానికి జవాబుగా ఆ ఏడాది ఆగస్టు 21న జాతి భేదం లేకుండా ఎంతోమంది సింగపూర్‌వాసులు తమ ఇళ్లలో కూర వండి పంచుకున్నారు. చివరికి సెంగ్‌కాంగ్‌లో మాకు ఇల్లిచ్చినావిడ కూడా చైనీయురాలే. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, మూడు నెలలకోసారి ఏసీ సర్వీసు చేయించాలని.

జీతం విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ ఆదాయపు పన్ను నెలనెలా జీతంలోంచి కోయరు. మరుసటి ఏడాది ఏప్రిల్‌ 18లోగా రిటర్ను వేశాక బిల్లు ఒకేసారి వస్తుంది. కావాలంటే వాయిదాల్లో కట్టొచ్చు. విదేశీ ఉద్యోగులకు మన పీఎఫ్‌ లాంటి పొదుపూ ఉండదు. చేతికొచ్చిన డబ్బంతా మనదే అనుకోకుండా పన్ను వాటా పక్కన పెట్టుకోవాలి.

ఆ గడి ముందు ఆగిన పెన్ను

ఇక తేలని సంగతి. నా భార్య హైదరాబాద్‌లో పధ్నాలుగేళ్లు ఉద్యోగం చేసింది. ఇక్కడ ఆమెది నాపై ఆధారపడిన పాస్‌. ఒకప్పుడు ఆ పాస్‌ ఉన్నవారు అనుమతి పత్రంతో పని చేసుకోగలిగేవారు. 2021 మే 1 నుంచి ఉద్యోగం చేయాలంటే సొంత వర్క్‌ పాస్‌ తప్పనిసరి. 2023 సెప్టెంబరు నుంచి కొత్త ఎంప్లాయ్‌మెంట్‌ పాస్‌లకు కంపాస్‌ అనే పాయింట్ల పద్ధతి వచ్చింది. సాధారణంగా నలభై పాయింట్లు రావాలి. జీతం, చదువుతోపాటు ఆ సంస్థలో ఏ దేశస్థులు ఎంతమంది ఉన్నారు, స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారు అన్నవీ లెక్కలోకి వస్తాయి. అంటే ఆమె ఇంటర్వ్యూ ఎంత బాగా చేసినా కొన్ని పాయింట్లు ఆమె చేతిలో ఉండవు.

ఇదంతా మాకు వచ్చేముందే తెలుసు. అయినా తెలియడం వేరు, రోజూ అనుభవించడం వేరు. పాప స్కూలు ఫారంలో ‘తల్లి వృత్తి’ అన్న గడి దగ్గర ఆమె పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి హైదరాబాద్‌లో చేసిన ఉద్యోగం పేరే రాసింది. నేను ఆఫీసులో కొత్త మిత్రులను సంపాదించుకుంటున్న నెలల్లో ఆమె రోజంతా మాట్లాడింది ఏసీ సర్వీసు కుర్రాడితో, కూరగాయల అంకుల్‌తో. సాయంత్రం నేను చెప్పే చోప్‌ కబుర్లకు ఆమె నవ్వేది. తన వైపు నుంచి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

పాపది ఇంకో రకం ఇబ్బంది. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో మాతృభాషగా భారతీయ భాషల్లో తమిళంతోపాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. తెలుగు పిల్లలు చాలావరకు హిందీనో తమిళమో ఎంచుకుంటారు. మన భాష వారాంతాల్లో, ఇంట్లో నిలబడాల్సిందే. 1975లో మొదలైన సింగపూర్‌ తెలుగు సమాజం లాంటి సంస్థలకు కొత్త కుటుంబాలు దగ్గర కావడానికి అదీ ఒక కారణం. మా ఆవిడకు మొదటి స్నేహితురాలు దొరికింది కూడా ఒక ఉగాది వేడుకలోనే. ఇద్దరూ అక్కడ పులిహోర వరుసలో కలిశారు.

ఇంకా ఒకటి. నా ఉద్యోగం ఆగితే నా పాస్‌ రద్దవుతుంది. దానితోపాటే వాళ్ల పాస్‌లూ. ఆ తర్వాత ఉండటానికి సాధారణంగా ముప్పై రోజులే. అందుకే అద్దె ఒప్పందంలో డిప్లొమాటిక్‌ క్లాజ్‌ ఉండేలా అడగడం మంచిది. ఉద్యోగం పోయి దేశం విడిచి వెళ్లాల్సి వస్తే, ఒప్పందంలో చెప్పిన గడువు దాటాక, నోటీసుతో ఇల్లు ఖాళీ చేయడానికి అది వీలిస్తుంది.

నా భార్య ప్రయత్నాలు ఆగలేదు. ఈమధ్య ఒక సంస్థలో రెండో ఇంటర్వ్యూ దాకా వెళ్లింది. మేమిద్దరం కూర్చుని ఒక గడువు పెట్టుకున్నాం. పాప ఈ తరగతి పూర్తయ్యేలోగా ఆమెకు సొంత పాస్‌ రాకపోతే హైదరాబాద్‌ తిరిగి వెళ్లే విషయం సీరియస్‌గా ఆలోచిస్తాం. సింగపూర్‌ ఆఫర్‌ చేతిలో పట్టుకుని నాకు ఫోన్‌ చేసే మిత్రులు జీతం గురించి, అద్దెల గురించి అడుగుతారు. అవన్నీ చెప్పి, ‘మీ ఆవిడ అక్కడ ఏం చేస్తున్నారు, ఇక్కడ ఏం చేయాలనుకుంటున్నారు’ అని అడుగుతాను. చాలామంది ‘ఒక్క నిమిషం’ అని ఫోన్‌ ఆవిడ చేతికిస్తారు. ఆ తర్వాత మాట్లాడాల్సింది నేను కాదు కాబట్టి, నేనూ ఫోన్‌ మా ఆవిడకే ఇస్తాను.