కొండల్లో గోదావరి కాలువ నీరు కాదు
పాపికొండల యాత్రకు వెళ్లేవారు రేవులోనే చూసుకోవలసిన సంగతులు

తెనాలి, బాపట్ల, రేపల్లె: కార్తీకం దగ్గర పడిందంటే ఈ ప్రాంతంలో పాపికొండల మాట మొదలవుతుంది. తెనాలిలో వ్యాపారులు, బాపట్లలో ఉద్యోగులు, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో రైతు కుటుంబాలవారు పదిమంది, పదిహేనుమంది ఒక జట్టుగా కూడి రాజమండ్రికి రైలెక్కుతారు. అక్కడినుంచి వ్యానులో గండిపోచమ్మ రేవుకు, రేవులో లాంచీ. కొండల మధ్య ప్రయాణం, లాంచీలోనే భోజనం, పేరంటపల్లిలో ఆశ్రమ దర్శనం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. రెండు మూడు రోజులు తీరిక చేసుకున్నవారు భద్రాచలం రాముణ్ణి కూడా చూసుకుని మరీ ఇంటికి వస్తారు.

రబ్బరు పడవల్లో, నురగలు కక్కే నీటిమీద, అడవుల గుండా రోజుల తరబడి సాగే యాత్రలు హిమాలయాల్లోనూ విదేశాల్లోనూ ఉన్నాయి. రాఫ్టింగ్ అంటారు. తెలుగు నేలమీద వాటికి కాస్త దగ్గరగా వచ్చేది పాపికొండల ప్రయాణమే. అయితే రాఫ్టింగ్‌కు పోయేవాడు ప్రమాదానికి ఎదురు పోతున్నానని తెలిసి పోతాడు. పాపికొండలకు పోయేవాడు వనభోజనానికి పోతున్నాననుకుంటాడు. అందుకే జాగ్రత్త తక్కువ.

నీళ్ల మధ్య పుట్టినవారే అయినా...

ఈ ప్రాంతం వారికి నీళ్లంటే బెదురు లేదు. తెనాలి నడి ఊళ్లో మూడు కాలువలు పారుతున్నాయి. కొమ్మమూరు కాలువలో ఒకప్పుడు సరుకుల పడవలు బకింగ్‌హాం కాలువలో కలిసి మద్రాసు దాకా పోయేవి. పెనుమూడి వంతెన కట్టేదాకా రేపల్లెవారు దివిసీమకు పడవమీదే దాటారు. నిజాంపట్నం, సూర్యలంక వైపు సముద్రం మీదే బతికే కుటుంబాలు ఎన్నో. లంక ఊళ్లలో ఈత రాని కుర్రవాణ్ణి వెతకాలి.

కాని కాలువలో నీరు ఒక్క దారినే పోతుంది. అడుగున మట్టి, ఒండ్రు. పడితే నాలుగు బారలు వేసి గట్టు పట్టుకోవచ్చు. కొండల్లో నదికి అడుగున రాయి, పక్కన రాయి. బండకు కొట్టుకున్న నీరు దాని వెనక చేరి ఎగువకు తిరుగుతుంది. పైకి పోయే నీరు, కిందికి పోయే నీరు రాసుకున్న చోట సుడి పుడుతుంది. వంపు తిరిగే చోట నీరు పడవను బయటి ఒడ్డుకు నెడుతుంది. పైకి చూస్తే నది నిద్రపోతున్నట్టే ఉంటుంది.

వెడల్పు సంగతి కూడా చూడాలి. విజయవాడలో ప్రకాశం బారేజీ పొడవు 1,223 మీటర్లు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఆ బారేజీ దాటి వచ్చినప్పుడు లంకల్లో ఏం జరిగిందో రేపల్లె, కొల్లూరు వైపు వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. దానిలో సగం నీరు, అంతకన్నా ఎంతో ఇరుకైన కొండ సందులో పడి పోతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పక్కకు చోటు లేని నీరు లోతుకూ వేగానికీ తిరుగుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరే ఎగువ గోదావరిలో పడవలు నడిపించాలని ఎంతో పట్టుబట్టాడు. భద్రాచలానికి పైన దుమ్ముగూడెం దగ్గర నదికి అడ్డంగా ఉన్న బండల వరసను తప్పించడానికి ఆనకట్ట, లాకులు కట్టారు. ఆ పైన ఇంకా అలాంటి బండల వరసలే ఉన్నాయి. ఖర్చు పెరిగిపోయి 1871లో ప్రభుత్వం ఆ పని వదిలేసింది.

వరసగా మూడేళ్లు

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. కృష్ణలో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలువారు. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కినవారికి లైఫ్ జాకెట్లు లేవు.

2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. వాన జల్లు లోపలికి కొడుతోందని తలుపులు, కిటికీలు మూసేశారు. లోపల ఉన్నవారికి బయటపడే దారి లేకపోయింది. పోయినవారిలో చాలామంది ఆ చుట్టుపక్కల గిరిజనులు. వాళ్లకు అది విహారం కాదు, బస్సు లాంటిది.

2019 సెప్టెంబరు 15, మళ్లీ ఆదివారం. గండిపోచమ్మ రేవునుంచి పాపికొండలకు బయలుదేరిన లాంచీ మధ్యాహ్నం వేళ కచ్చులూరు దగ్గర సుడిలో పడి ఒరిగి మునిగింది. గోదావరిలో ఆ రోజు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల నీరు పోతోంది. సిబ్బందితో కలిపి లాంచీలో ఉన్న 77 మందిలో బతికినవారు 26 మంది. రెండు వందల అడుగులకు పైగా లోతున పడిపోయిన లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఒడ్డుకు లాగింది. అప్పటిదాకా ఒడ్డున ఎదురుచూసిన కుటుంబాలు ఉన్నాయి.

ఈ మూడింటిలో నదులు వేరు, పడవలు వేరు. కాని ఏ ఒక్కదాంట్లోనూ నీరు దొంగదెబ్బ తీయలేదు. గాలివాన కనబడుతూనే వచ్చింది, వరద ముందే తెలుసు, అనుమతి లేని సంగతి రేవులోనే తెలుసు.

గైడు మాటే మాట

ఋషీకేశ్‌లో గంగమీద రాఫ్టింగ్ ఏళ్ల తరబడి సాగుతోంది. కౌడియాల నుంచి ఋషీకేశ్ దాకా 36 కిలోమీటర్లు. నీటి ఉధృతిని ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కగట్టి, ఏ తరగతి నీటికి ఎవరు పోవచ్చో ముందే తేల్చుకుంటారు. వానాకాలంలో జూలై, ఆగస్టు నెలల్లో పడవలు గట్టెక్కుతాయి. రబ్బరు పడవలో గాలి గదులు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒకటి చిరిగినా మిగతావి తేలుతాయి. గైడు వెనక కూర్చుని తెడ్డు పట్టి, వేయండి, ఆపండి అని కేకలు వేస్తుంటాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ కేకకు తెడ్డు వేయవలసిందే. అక్కడా గాడి తప్పిన రోజులున్నాయి. సరైన నిబంధనలు తయారయ్యేదాకా రాఫ్టింగ్ ఆపమని 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశించింది.

అదే గంగకు ఎదురుగా 1977లో ఎడ్మండ్ హిల్లరీ జెట్ బోట్లలో సాగర సంగమం నుంచి బయలుదేరాడు. టెన్సింగ్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కినవాడు. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డం వచ్చింది. పడవలు అక్కడే వదిలి నడక పట్టాడు. నీరు వద్దన్నచోట ఆగడం అంతటివాడికీ తప్పలేదు.

అమెరికాలో కొలరాడో నది లోయలో 1869లో పావెల్ అనే ఒంటిచేతి సైనికాధికారి తొమ్మిదిమందితో నాలుగు పడవల్లో మూడు నెలలు ప్రయాణం చేశాడు. చివర్లో ఒక ఉధృతిని చూసి ముగ్గురు పడవ దిగి కొండెక్కి వెళ్లిపోయారు, మళ్లీ ప్రాణాలతో కనబడలేదు. పడవల్లో మిగిలినవారు ఒకటి రెండు రోజుల్లోనే లోయ దాటారు. ఇప్పుడు ఆ లోయలో గైడ్లతో రెండు వారాలు సాగే యాత్రలున్నాయి. ఆ యాత్రికులు వంట చెత్తే కాదు, మలాన్ని కూడా పెట్టెల్లో మూసి వెంట తెచ్చుకోవాలి. ఇక్కడ తిన్న విస్తళ్లు, నీళ్ల ప్యాకెట్లు గోదారమ్మకే సమర్పిస్తున్నారు.

రేవులో ఏం చూడాలి

కచ్చులూరు తర్వాత ప్రభుత్వం పడవల రేవుల వద్ద కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించింది. అంతమాత్రాన ఎక్కేవాడి బాధ్యత తీరదు. జట్టు పెద్దగా వెళ్లేవారు డబ్బు కట్టేముందే లాంచీకి ఎంతమందికి అనుమతి ఉందో అడగాలి, ఎక్కాక తలలు లెక్కపెట్టాలి. ఆ రోజు నదిలో ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయో అడగడం నామోషీ కాదు. కాలువకు నీళ్లెప్పుడు వదులుతారని లస్కరును రోజూ అడిగే రైతుకు ఇది కొత్త ప్రశ్న కాదు.

లైఫ్ జాకెట్ అందరికీ ఇస్తారు. ఉక్కగా ఉందని విప్పి కొందరు కుర్చీలో వేసుకుని కూర్చుంటారు, కొందరు తలగడ చేసుకుంటారు. భోజనాల దగ్గర విప్పినవారు మళ్లీ తొడుక్కోరు. దాన్ని రేవులో తొడిగితే రేవులోనే విప్పాలి. మూడు బకిళ్లూ బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. పెద్దవాళ్లది పిల్లలకు తొడిగితే నీళ్లలో అది పైకి తేలుతుంది, పిల్లవాడు కిందికి జారిపోతాడు. చీర కట్టుకున్న ఆడవారు కొంగు జాకెట్ లోపల దోపుకోవాలి.

ఫోటోకోసం అందరూ ఒకే పక్కకు పోవడం ఇంకో జబ్బు. పైఅంతస్తు బరువెక్కిన లాంచీ ఒక పక్కకు ఒరిగితే సరిచేయడం సరంగు చేతిలో ఉండదు. గాలివాన వస్తే తలుపులు, కిటికీలు మూయనివ్వకూడదు. తడిస్తే ఆరతాయి.

పడిపోతే ఏం చేయాలన్నది రాఫ్టింగ్ గైడ్లు ఎక్కేముందే ఒడ్డున నేర్పుతారు. వెల్లకిలా పడుకోవాలి, కాళ్లు దిగువకు చాపి మోకాళ్లు కొంచెం మడవాలి, బండ వస్తే కాలితో తన్నాలి. నీరు తగ్గినట్టుందని నిలబడకూడదు. రాళ్ల సందున పాదం ఇరుక్కుంటే వెనక నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. కాలువలో ఈతకొట్టినవాడు ముందు చేసే పని నిలబడటమే కాబట్టి ఈ మాట డెల్టా వారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

ఒడ్డున ఎవరున్నారు

కచ్చులూరులో బతికిన 26 మందిని కాపాడింది సర్కారు పడవలు కావు. ఒడ్డున ఉన్న గిరిజనులు కేకలు విని తమ పడవలు వేసుకుని వచ్చారు. ఏ సుడి ఎక్కడ తిరుగుతుందో, కొట్టుకుపోయిన మనిషి ఎక్కడ తేలతాడో వాళ్లకు తెలుసు. ఆ ఊరున్న దేవీపట్నం ప్రాంతం పోలవరం ముంపు కింద ఉంది. అక్కడి ఊళ్లవారిని కొండ దిగువ పునరావాస కాలనీలకు తరలిస్తున్నారు. లాంచీలు పోయే దారిలో ఒక్కొక్క ఊరే ఖాళీ అవుతోంది. కొండల మధ్య చాలా చోట్ల ఫోన్ అందదు. ఇకమీదట అక్కడ పడవ ఒరిగితే కేక వినేవారు లాంచీలోని సిబ్బంది, వెనక వచ్చే మరో లాంచీ మాత్రమే.